బజారు వీధిలో పాత మేడలు: కూలాక రాసే వార్త కూలకముందే రాయండి

ఎడిటర్ గారికి నమస్కారం.

పాత బజారు వీధుల్లోని కట్టడాల గురించి పేపర్లో వార్త వచ్చేది రెండే సందర్భాల్లో. వానకు గోడ కూలినప్పుడు, లేదంటే రోడ్డు వెడల్పు కోసం జేసీబీ వచ్చినప్పుడు. రెండు వార్తల్లోనూ "శిథిలావస్థకు చేరిన భవనం" అనే ఒకే మాట ఉంటుంది. ఆ అవస్థకు అది ఎలా చేరింది, ఎన్నేళ్లు పట్టింది, మధ్యలో ఎవరైనా పైకెక్కి నాలుగు పెంకులు సర్ది ఉంటే ఆగేదా అన్నది ఎవరూ రాయరు. నాకు చాలా కాలంగా బాధగా ఉన్న విషయం ఇది, అందుకే ఉత్తరం కాస్త పెద్దదైంది, కుదిరితే కత్తిరించకుండా వేయండి.

కాపాడాలి అన్న మాట వచ్చినప్పుడు కూడా మనం చేసే పని ఒకటుంది. వీధి మొత్తంలో బాగా నగిషీ ఉన్న మేడ ఒకదాన్ని ఎంచుకుని, దానికి ఒక బోర్డు పెట్టి, మిగతా వరుసను వదిలేస్తాం. పదేళ్లు గడిచేసరికి ఆ మేడ రెండు గాజు కాంప్లెక్సుల మధ్య ఇరుక్కుని, ఎందుకు అక్కడ ఉందో ఎవరికీ అర్థం కాకుండా నిలబడి ఉంటుంది. బజారు వీధిలో కాపాడాల్సింది వరుసను అని నా గట్టి నమ్మకం. ఇది కేవలం అందం కోసం అనే మాట కాదు, ఆ ఇళ్లు కట్టిన పద్ధతే అలాంటిది.

బజారు వీధిలో ఇల్లు ఎందుకు సన్నగా, పొడుగ్గా ఉంటుందో చూడండి. వ్యాపారికి కావాల్సింది వీధి వైపు ముఖం. ఆ ముఖం అందరికీ కావాలి కాబట్టి తలా కొంచెమే దక్కుతుంది, ఇక పెరగడానికి మిగిలింది వెనక్కే. ముందు కొట్టు, వెనక సరుకు గది, మధ్యలో గాలీ వెలుతురూ పడే చిన్న ముంగిలి, పైన కాపురం. మధ్యయుగపు ఇంగ్లండ్ సంత ఊళ్లలో ఇంతే, వియత్నాంలో హోయ్ ఆన్ రేవులో ఇంతే, మలేసియాలో జార్జ్ టౌన్‌లో ఇంతే. ఎక్కడెక్కడో ఉన్న ఊళ్లు అన్నీ ఒకే లెక్కకు వచ్చాయి. ఇలా సన్నగా కట్టినప్పుడు రెండు ఇళ్ల మధ్య గోడ చాలాచోట్ల ఉమ్మడిదే అయ్యుంటుంది. ఇటు దూలాలు, అటు దూలాలు ఆ ఒక్క గోడ మీదే ఆనుతాయి. మధ్యలో ఒక ఇంటిని లాగేస్తే పక్కింటి గోడ, అప్పటిదాకా ఎన్నడూ వాన చూడని గోడ, మొదటిసారి వానలో తడుస్తుంది. అటువైపు ఆనిక కూడా పోతుంది. ఆ తర్వాత రెండు మూడు వానాకాలాలకు అది కూడా "శిథిలావస్థకు" చేరుతుంది. అంటే మనం ఒక ఇంటిని కూల్చామనుకుంటున్నాం, నిజానికి మూడింటికి ముహూర్తం పెట్టాం.

ఇంకో సంగతి. ముఖం చూసి వయసు చెప్పకూడదు. వ్యాపారులు తమ కొట్టు ముందు భాగాన్ని తరానికోసారి కొత్తగా మార్చుకుంటూనే వచ్చారు, అది ఎప్పుడూ ఉన్నదే. ఇంగ్లండ్‌లోని చెస్టర్‌లో వీధి పొడవునా రెండంతస్తుల్లో నడిచే కొట్ల వరుసలు ఉన్నాయి, కింద ఒక వరుస, మెట్లెక్కితే పైన కప్పు కింద నడుస్తూ వెళ్లేలా ఇంకో వరుస. వీధిలోంచి చూస్తే కనిపించే ఆ నలుపు తెలుపు చెక్క పని చాలావరకు 19వ శతాబ్దంలో తిరిగి కట్టింది. కానీ ఆ రెండంతస్తుల వరుస ఏర్పాటు 13వ శతాబ్దం నాటిది, కింద రాతి గదులు కొన్ని ఇప్పటికీ అలాగే ఉన్నాయి. ఏ ఊళ్లోనైనా సర్వేకి వచ్చినవాళ్లు షట్టరూ, ఫ్లెక్సీ బోర్డూ చూసి "ఇందులో పాతదేముంది" అని రాసుకుని వెళ్లిపోతుంటే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. బోర్డు పైన చూడాలి, లోపలికెళ్లి కప్పు చూడాలి, వెనక గోడ ఇటుక సైజు చూడాలి.

వరుస అనడానికి నాకు బాగా నచ్చిన ఉదాహరణ ఇటలీలోని బొలోన్యా. అక్కడ 1288లోనే ఒక శాసనం చేశారు, కొత్తగా ఇల్లు కట్టేవాళ్లు వీధి వైపు స్తంభాల పంచ కట్టి తీరాలని, లేనివాళ్లు కలుపుకోవాలని. గుర్రం మీద వెళ్లే మనిషికి తల తగలకుండా ఎత్తు కనీసం 2.66 మీటర్లు ఉండాలి. స్థలం ఇంటివాళ్లదే, బాగోగులు చూసుకోవాల్సింది వాళ్లే, కానీ నడిచే హక్కు అందరిదీ. ఇప్పుడు ఆ ఊళ్లో ఆ పంచలన్నీ కలిపి 62 కిలోమీటర్లు, 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలోకి ఎక్కాయి. సింగపూర్‌లో 1822 పట్టణ ప్రణాళిక కూడా ఇలాంటి నియమమే పెట్టింది, కొట్ల ముందు ఎడతెగకుండా కప్పు ఉన్న దారి ఉండాలని. ఎండలో, వానలో జనం సరుకు కొనుక్కుంటూ తడవకుండా, మాడకుండా నడవాలన్నదే లెక్క. ఒక్కసారి ఆలోచించండి, ఆ వరుసలో ఒకే ఒక్క ఇల్లు తీసేసి వెనక్కి జరిపి కాంప్లెక్స్ కడితే దారి అక్కడ తెగుతుంది, నడిచే మనిషి రోడ్డు మీదకు దిగాలి. ఒక్క పంచగా దానికి విలువ లేదు, పక్కపక్కన ఉంటేనే అది దారి.

రోడ్డు వెడల్పు చేయడమే తప్పని నేను అనడం లేదు. హైదరాబాద్‌లో పత్తర్‌గట్టీని చూడండి. 1908 మూసీ వరద తర్వాత, 1912లో ఏర్పడిన సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు హయాంలో వచ్చిన వీధి అది. వీధిని తీర్చిదిద్దారు, అదే చేత్తో రెండు వైపులా రాతి కమానులతో ఒకే తీరులో కొట్లు నిలబెట్టారు. కింద నీడ, పైన మేడలు. అప్పట్లో అది కొత్త కట్టుబడే, ఈ రోజు అదే మనం చూపించుకునే పాత వీధి. అంటే మార్పు చేసేవాళ్లకు వీధి మొత్తం ఎలా ఉండాలో ఒక ఊహ ఉంటే చాలు. మార్కింగ్ గీసి, గీత దాటిన భాగాన్ని సగానికి కోసేసి, తెగిన గోడకు ప్లాస్టిక్ పట్టా కప్పి వెళ్లిపోవడాన్ని మాత్రం పట్టణాభివృద్ధి అనడానికి నాకు నోరు రావడం లేదు.

చట్టం మాటకొస్తే, మన దేశంలో కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్నవి దాదాపు 3,700 కట్టడాలు. ఇంత పెద్ద దేశానికి అవి చాలా తక్కువ, పైగా వాటిలో ఎక్కువ కోటలూ గుళ్లూ సమాధులే. సామాన్యుడు ఉప్పూ పప్పూ అమ్మిన కొట్టు ఆ జాబితాలోకి రాదు. వీధిని వీధిగా చూసే చట్టాలు లేకేం, ఫ్రాన్స్‌లో సాంస్కృతిక మంత్రి ఆంద్రే మాల్రో 1962లో తెచ్చిన చట్టం పాత పేటలను మొత్తంగా రక్షిత ప్రాంతాలుగా ప్రకటించడానికి దారి వేసింది. బ్రిటన్‌లో 1967లో అలాంటి చట్టం రాగానే మొదట ప్రకటించింది స్టామ్‌ఫర్డ్ అనే సంత ఊరినే, రాజభవనాలున్న నగరాన్ని కాదు. ముంబయి 1995లో తన వారసత్వ నిబంధనల్లో విడి కట్టడాలతో పాటు ప్రాంతాలను కూడా చేర్చింది. దారి తెలియక ఆగిపోయామని ఎవరైనా అంటే నేను నమ్మను.

ఇక అసలు విషయం, అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేస్తున్నది. జేసీబీ గురించి అందరం మాట్లాడతాం, సిమెంటు గురించి ఎవరూ మాట్లాడరు. పాత గోడలు సున్నంతో కట్టినవి. సున్నపురాయిని 900 డిగ్రీల దాకా కాల్చి, నీళ్లు పోసి ఆర్చి, ఇసుకతో కలిపి గానుగలో తిప్పి వాడిన డంగు సున్నం. అది గోడలో ఉండి గాలిలోని కార్బన్ డయాక్సైడును మెల్లగా పీల్చుకుంటూ మళ్లీ రాయిగా మారుతుంది, ఏళ్లు పడుతుంది. ఆ గోడకు నేల నుంచి చెమ్మ ఎక్కుతుంది, వానకు తడుస్తుంది, కానీ ఎండ రాగానే సున్నం గుండా ఆ తేమ బయటికి పోతుంది. చిన్నగా కుంగినా సున్నం కొంత సర్దుకుంటుంది. ఇప్పుడు దాని మీద అర అంగుళం సిమెంటు పూత పూసి, పైన ప్లాస్టిక్ పెయింటు కొట్టారనుకోండి. చూడ్డానికి మొదటి సంవత్సరం కొత్త ఇల్లులా ఉంటుంది. చెమ్మ మాత్రం ఎక్కడం ఆగదు, పోయే దారి మూసుకుపోయింది అంతే. అది ఇంకా పైకి పాకుతుంది. దాంతో పాటు వచ్చిన ఉప్పు ఇటుక లోపలే గడ్డకట్టి, ఇటుకను పొడిపొడిగా రాల్చేస్తుంది. గోడలోకి దూర్చిన దూలాల కొసలు ఆ తడిలో నాని కుళ్లుతాయి, చెద పడుతుంది. బయటికి సిమెంటు గట్టిగానే కనిపిస్తుంటుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. ఒక రాత్రి కప్పు దిగిపోతుంది, పొద్దున పేపర్లో "పాతబడి కూలిన భవనం" అని వస్తుంది. పాతబడి కాదండీ, మరమ్మతు వల్ల కూలింది. ఈ మాట ఎవరైనా ఒకసారి పెద్ద అక్షరాలతో అచ్చు వేస్తే బాగుండు.

దీనికి పరిష్కారం ఏమంత మాయ కూడా కాదు. సున్నం గోడకు సున్నమే పూయాలి, పగులు సున్నంతోనే పూడ్చాలి, పైన సున్నం వెల్ల వేయాలి. పని నెమ్మది, తడి ఆరనివ్వకుండా కొన్నాళ్లు కాపు కాయాలి, తెలిసిన మేస్త్రీ కావాలి. ఆ మేస్త్రీలే తగ్గిపోయారు, చేసేవాళ్లు వయసు మళ్లారు, వాళ్ల పిల్లలు టైల్స్ పనిలోకి వెళ్లారు, వాళ్లను తప్పు పట్టలేం. ఐటీఐల్లో వెల్డింగ్ నేర్పినట్టే సున్నం పని ఎందుకు నేర్పకూడదు అని నాకెప్పుడూ అనిపిస్తుంది. ప్రపంచంలో మనుషుల వల్ల వెలువడే కార్బన్ డయాక్సైడులో 7 నుంచి 8 శాతం సిమెంటు తయారీ నుంచే వస్తుందని లెక్కలు చెబుతున్న రోజుల్లో, నిలబడి ఉన్న గోడను పడగొట్టి మళ్లీ సిమెంటుతో కట్టడం ఏ రకంగా చూసినా దండగే.

మేడ మీది సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే చాలా ఇళ్లకు రోగం అక్కడే మొదలవుతుంది. బజారు విలువ పెరిగేకొద్దీ కొట్టు వెడల్పు చేయాలనిపిస్తుంది, అప్పుడు అడ్డం వచ్చేది వీధి నుంచి పైకి వెళ్లే మెట్లు. మెట్లు తీసేస్తారు. దాంతో పై అంతస్తు అద్దెకు పనికిరాదు, కాపురానికి పనికిరాదు, కొన్నాళ్లు అట్టపెట్టెలు పెట్టుకుంటారు, ఆ తర్వాత అదీ ఉండదు. పావురాలు చేరతాయి. నీళ్లు పోయే గొట్టంలో ఆకులు అడ్డుపడతాయి. మనిషి ఉంటే ఆ సాయంత్రమే తీసేస్తాడు, లేడు కాబట్టి ఆ నీరు ఏడాదంతా గోడలోకి దిగుతుంది. కింద మాత్రం ఏసీ షాపు, తళతళలాడే లైట్లు. ఇంగ్లండ్‌లో 1989లో దీని మీదే "లివింగ్ ఓవర్ ద షాప్" అని ఒక ప్రయత్నం మొదలుపెట్టారు. కొట్టు యజమానికి కాపురం ఉండేవాళ్లతో నేరుగా ఒప్పందం అంటే భయం, రేపు ఖాళీ చేయరేమో అని. అందుకని మధ్యలో ఒక హౌసింగ్ సంస్థ లీజుకు తీసుకుని, అదే మనుషులను పెట్టేలా ఏర్పాటు చేశారు. ఆ భయం ఎక్కడైనా ఉండేదే, కాబట్టి ఆ మందు కూడా ఎక్కడైనా పనికొస్తుందని నేననుకుంటాను. పైన దీపం వెలిగే ఇల్లు అంత తొందరగా కూలదు.

యజమానుల గురించి ఒక మాట న్యాయంగా చెప్పాలి. వారసత్వం అంటూ ఉపన్యాసాలిచ్చే మనం ఖర్చంతా వాళ్ల నెత్తిన పెడుతున్నాం. అన్నదమ్ముల మధ్య వాటాలు తేలని ఇళ్లు, ఎప్పటిదో అద్దె మీద నడిచే కొట్లు, అమ్ముకుందామంటే "హెరిటేజ్ జాబితాలో ఉంది" అన్న భయం. జాబితాలో పేరు చేరబోతోందని తెలిసి రాత్రికి రాత్రి కూల్చేసుకుంటారంటే అది దురాశ ఒక్కటే కాదు, టెన్షన్ కూడా. ఉత్త నిషేధంతో పని జరగదు. అలాగని పూర్తిగా బజారుకు వదిలేసినా జరిగేది ఏమిటో జార్జ్ టౌన్ చూపించింది. అక్కడ పాత అద్దె నియంత్రణ చట్టాన్ని 2000లో ఎత్తేయగానే అద్దెలు ఎగబాకి, తరాలుగా ఆ కొట్ల పైన బతికిన కుటుంబాలు పెద్ద సంఖ్యలో పేట వదిలి వెళ్లిపోయాయి. 2008లో యునెస్కో గుర్తింపు వచ్చేసరికి ఇళ్లు ఉన్నాయి, ఇంటివాళ్లు చాలామంది లేరు. అహ్మదాబాద్‌లో, 2017లో దేశంలోనే మొదటి ప్రపంచ వారసత్వ నగరం అయిన ఊరు అది, పాత ఇంటిని ఉంచుకున్న యజమాని తను కట్టుకోలేకపోయిన అంతస్తుల హక్కును వేరేచోట కట్టేవాళ్లకు అమ్ముకునే వీలు కల్పించారు. అలా వచ్చిన డబ్బు మరమ్మతుకే పెట్టాలన్న షరతు కూడా కచ్చితంగా ఉండాలని నా అభిప్రాయం. పన్ను తగ్గింపు, తక్కువ వడ్డీ అప్పు, మరమ్మతు పర్మిషన్ వారం రోజుల్లో రావడం, ఇవి కూడా కావాలి. కూల్చడానికి పర్మిషన్ తొందరగా వచ్చి, పెంకు మార్చడానికి ఆరు నెలలు పట్టే చోట ఏ యజమాని అయినా ఏం చేస్తాడు?

బోర్డులు, వైర్ల గురించి ఎక్కువ చెప్పను. ఇంగ్లండ్‌లోని నారిచ్‌లో మాగ్డలెన్ వీధి అని ఉంది, 1959లో అక్కడి కొట్లవాళ్లంతా ఒక మాట మీదకు వచ్చి, అడ్డదిడ్డం బోర్డులు, పనికిరాని వైర్లు తీసేసి, రంగులు ఒక పొందికలో వేసుకున్నారు. ఏదీ పడగొట్టలేదు, పెద్ద ఖర్చు లేదు, వీధి రూపం మారిపోయింది. కొట్లవాళ్ల సంఘం గట్టిగా అనుకుంటే ఒక సీజన్‌లో అయ్యే పని.

నాకు ఇంకో భయం కూడా ఉంది. కాపాడటం అనే పేరుతో ముందు గోడ ఒక్కటి నిలబెట్టి, వెనకంతా తవ్వేసి కాంక్రీటు పెట్టడం. లేదంటే వీధి మొత్తం పర్యాటకుల కోసం కాఫీ షాపులు, బొమ్మల కొట్లుగా మారిపోవడం. తాళ్లు, మేకులు, తూకపు రాళ్లు, పుస్తకాలు, గుడ్డలు అమ్మేవాళ్లు వెళ్లిపోతే మిగిలేది బజారు అవదు, సినిమా సెట్ అవుతుంది. బొలోన్యాలోనే 1970లలో నగరపాలక సంస్థ పాత పేటల్లో ఇళ్లు బాగుచేసి, అక్కడ ఉన్న కూలీనాలీ జనాన్నే మళ్లీ అందులో ఉంచే పథకం పెట్టింది. అమెరికాలో 1977లో మూడు చిన్న ఊళ్లలో మొదలైన మెయిన్ స్ట్రీట్ కార్యక్రమం కూడా ముందు వ్యాపారం నిలబడేలా చూస్తూ, దాంతో పాటే కట్టడాలను బాగు చేసుకుంటూ వచ్చింది. గల్లాపెట్టె నిండితేనే కప్పుకు పెంకు పడుతుంది, ఇందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

చివరగా మీ పత్రికను ఒకటి అడగాలి. రెండో ప్రపంచ యుద్ధంలో పోలండ్ రాజధాని వార్సా పాత పట్టణంలో 85 శాతానికి పైగా నేలమట్టమైంది. యుద్ధం తర్వాత అక్కడి పాత బజారు కూడలిని ఇంటికిల్లు తిరిగి కట్టగలిగారంటే కారణం, యుద్ధానికి ముందూ యుద్ధ సమయంలోనూ ఆర్కిటెక్చర్ విద్యార్థులు, అధ్యాపకులు ఆ ఇళ్లను కొలిచి గీసిన బొమ్మలు. వాటిని నగరం దాటించి ఒక మఠంలో దాచారు. 18వ శతాబ్దపు చిత్రకారుడు బెల్లోత్తో వేసిన వీధుల చిత్రాలు కూడా సాయపడ్డాయి. 1980లో ఆ పట్టణం ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. మన బజారు వీధుల్లో చాలావాటికి ఒక్క కొలత బొమ్మ కూడా ఎక్కడా లేదు. ఇళ్ల ముందు భాగం, కప్పు, మెట్లు, తలుపు చెక్కడం, ఉమ్మడి గోడ ఎక్కడుంది, పైన ఎవరైనా ఉంటున్నారా, ఇవన్నీ కాగితం మీదకు ఎక్కాలి. టేపు, ఫోన్ కెమెరా, ఇద్దరు విద్యార్థులు, ఇంటివాళ్ల అనుమతి ఉంటే మొదలుపెట్టొచ్చు.

మీరు వారానికి ఒక బజారు ఇంటి గురించి వేయండి. ఫొటో, దాని అమరిక, దానికి పట్టిన రోగం ఏమిటి, యజమాని ఏమంటున్నారు, అధికారులు ఏమంటున్నారు. సున్నం పని తెలిసిన మేస్త్రీలు ఎక్కడున్నారో కూడా వేయండి, వెతుక్కునేవాళ్లకు దొరుకుతారు. రోడ్డు వెడల్పు నోటీసు వచ్చిన వీధి అయితే కూల్చే రోజు దాకా ఆగకుండా నోటీసు వచ్చిన రోజే విలేకరిని పంపి, ఆ వరుసలో ఏముందో రాయించండి. కొలతలు, ఫొటోలు పంపే పాఠకులు తప్పకుండా ఉంటారు, మొదటి కవరు నా నుంచి వస్తుంది.

ఇట్లు,
మీ పాఠకుడు